తాళంచెవులు మార్చిన ఏడాది: గార్చింగ్, 2020

మ్యూనిక్ నగరానికి ఉత్తరాన, యు6 మెట్రో మార్గం ముగిసేచోట ఉన్నది గార్చింగ్ పరిశోధనా క్షేత్రం. 1957 అక్టోబరు చివర జర్మనీలోని మొట్టమొదటి అణు రియాక్టరు ఇక్కడే పనిచేయడం మొదలుపెట్టింది. గుడ్డు ఆకారంలో ఉన్న ఆ కట్టడపు బొమ్మను ఊరివాళ్ళు తమ పురచిహ్నంలో పెట్టుకున్నారు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయపు కంప్యూటర్, గణిత శాఖలు కూడా ఇక్కడే ఉండడంవల్ల, జర్మనీలో చదువుకున్న తెలుగు విద్యార్థులలో చాలామందికి ఈ స్టేషన్ పేరు పరిచితమే. ఆ విద్యార్థులు రోజూ దాటిపోయే కిటికీలు లేని ఘనాకారపు కట్టడం లైబ్‌నిట్స్ కంప్యూటర్ కేంద్రానిది. 1962లో బవేరియా విజ్ఞాన అకాడమీ ఛత్రం కింద మొదలైన ఆ సంస్థ 2006లో మ్యూనిక్ నడిబొడ్డు నుండి ఇక్కడికి తరలివచ్చింది. దానిలోని సూపర్‌మ్యూక్-ఎన్‌జీ అనే సూపర్ కంప్యూటర్‌లో 3,11,040 ప్రాసెసర్ కోర్లున్నాయి. 2018 నవంబరులో అది ప్రపంచంలో ఎనిమిదవ స్థానంలో నిలిచింది. గోరువెచ్చని స్థాయి దాటిన వేడినీటితోనే దానిని చల్లబరుస్తారు.

2020 మే 14, గురువారంనాడు ఆ కేంద్రం తన వినియోగదారులకు ఒక చిన్న ప్రకటన పంపింది. అధిక సామర్థ్య యంత్రాలకు సంబంధించి భద్రతా ఉల్లంఘన జరిగిందనీ, అందువల్ల వాటిని బయటి ప్రపంచం నుండి వేరుచేశామనీ దాని సారాంశం. సోమవారం, అంటే మే 11న, ఎడిన్‌బరోలోని ఆర్చర్ యంత్రం ఇటువంటి కారణంతోనే మూతబడింది. అదే రోజున ష్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె, ఉల్మ్, ట్యూబింగెన్‌లలోని యంత్రాలూ ఆగాయి. గురువారానికి యూలిహ్, డ్రెస్డెన్ జతకలిశాయి. వారాంతానికి స్విట్జర్లండ్ జాతీయ కేంద్రం కూడా తలుపులు వేసుకుంది. జర్మనీకి ఉన్న మూడు జాతీయ స్థాయి సూపర్ కంప్యూటర్ కేంద్రాలు గార్చింగ్, యూలిహ్, ష్టుట్‌గార్ట్. ఈ మూడూ ఒకే వారంలో బయటివారికి అందకుండా పోయాయి.

ఆ వారం ఎటువంటిదో గుర్తుచేసుకోవాలి. కోవిడ్ మొదటి కెరటం ఐరోపాలో అప్పుడప్పుడే తగ్గుముఖం పడుతోంది. ఈ మూడు కేంద్రాల కూటమి కోవిడ్ పరిశోధనకు వరుసలో ముందుచోటు ఇస్తామని అంతకు రెండు నెలల ముందే ప్రకటించి ఉంది. లండన్ యూనివర్సిటీ కాలేజికి చెందిన పీటర్ కోవెనీ బృందం వైరస్ ప్రోటీన్లకు ఏ రసాయనాలు అంటుకోగలవో లెక్కగట్టడానికి గార్చింగ్ యంత్రాన్ని వాడుతోంది. జీవసంబంధమైన వైరస్ కోసం పనిచేస్తున్న యంత్రాన్ని కంప్యూటర్ దొంగలు ఆపించారని వ్యంగ్యం పలకడం తేలిక. నిజానికి ఆ దొంగలు వాడినది వైరసే కాదు. వాళ్ళ దగ్గర ఉన్నవి అసలైన తాళంచెవులు.

లైబ్‌నిట్స్ కేంద్రం ఏళ్ళపాటు మ్యూనిక్ విశ్వవిద్యాలయాల సిబ్బందికీ విద్యార్థులకూ యాంటీవైరస్ లైసెన్సులు పంచిపెట్టిన సంస్థ కూడా. బవేరియా రాష్ట్రమంతటికీ కలిపి తీసుకున్న లైసెన్సు అది. అలా లక్షణంగా టీకాలు వేయించిన ఇంట్లోకే దొంగ ముందు తలుపు గుండా వచ్చాడు. ఇది ఎలా సాధ్యమైందో అర్థం కావాలంటే యాంటీవైరస్ అనే వస్తువు ఏ అవసరం కోసం పుట్టిందో, దాని వెంట వచ్చిన రెస్క్యూ డిస్కు, లైసెన్సు అనే రెండు ఉపాంగాలు ఎక్కడినుండి వచ్చాయో కొంత వెనక్కి వెళ్ళి చూడాలి.

లైసెన్సు కోసం పుట్టిన వైరస్

ఐబీఎం పీసీలకు సోకిన మొదటి వైరస్‌గా లెక్కించేది 1986 నాటి 'బ్రెయిన్'. లాహోరుకు చెందిన బాసిత్, అమ్జద్ ఫారూఖ్ అల్వీ అనే సోదరులు దాన్ని రాశారు. తాము తయారుచేసిన వైద్య సాఫ్ట్‌వేర్‌ను జనం దొంగకాపీలు చేసుకుంటున్నారనీ, ఆ కాపీల జాడ తెలుసుకోవడానికే దీన్ని రాశామనీ వాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. ఫ్లాపీలో తమ పేర్లూ చిరునామా ఫోను నంబరూ దాచకుండా పెట్టి, 'టీకా' కోసం తమను సంప్రదించమని కోరారు కూడా. అంటే పీసీ వైరస్‌ల చరిత్ర మొదలైనదే ఒక లైసెన్సు తగాదాతో. అదీ వైద్యుల కోసం రాసిన ప్రోగ్రాము విషయంలో.

బ్రెయిన్ వైరస్ చేసిన ఒక పని మాత్రం ఆ సోదరుల ఉద్దేశం కంటే చాలాకాలం బతికింది. అది ఫ్లాపీలోని మొదటి విభాగమైన బూట్ సెక్టారులో చేరి, అసలు సెక్టారును వేరేచోట దాచిపెడుతుంది. యంత్రం నడుస్తున్నప్పుడు ఎవరైనా ఆ సెక్టారును చదవాలని చూస్తే దాచిన మంచి ప్రతినే తీసి చూపిస్తుంది. రోగి తన నాడిని తానే పట్టుకుని బాగానే ఉందని చెప్పడం వంటిది ఇది. సోకిన యంత్రాన్ని ఆ యంత్రం చేతనే పరీక్షింపజేస్తే జవాబు నమ్మదగినది కాదన్న పాఠం ఇక్కడినుండే మొదలైంది.

రెస్క్యూ డిస్కు ఆ పాఠానికి వచ్చిన జవాబు. బయటినుండి తెచ్చిన శుభ్రమైన ఫ్లాపీతో యంత్రాన్ని లేపి, లోపలి హార్డ్ డిస్కును కేవలం పరీక్షింపబడే వస్తువుగా చూడడం దాని పద్ధతి. ఐదుంపావు అంగుళాల ఫ్లాపీకి అంచున ఉండే గంటు మీద చిన్న స్టిక్కరు అంటిస్తే దానిమీద ఇక ఏదీ రాయడం సాధ్యపడదు. ఆ స్టిక్కరు ముక్కే అప్పటి శస్త్రచికిత్స గది. స్టిక్కరు అంటించకుండా రెస్క్యూ ఫ్లాపీని సోకిన యంత్రంలో పెట్టినవాళ్ళు తరవాతి యంత్రానికి రోగాన్ని స్వయంగా మోసుకుపోయారు. చేతులు కడుక్కోకుండా శవపరీక్ష గది నుండి ప్రసూతి గదికి వెళ్ళిన వైద్యుల కథ వైద్యచరిత్ర తెలిసినవారికి కొత్త కాదు. 1990లలో సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటర్ బజార్లు చూసినవారికి రిపేరు కుర్రాళ్ళ జేబుల్లో ఉండే ఇటువంటి 'బూటబుల్ ఫ్లాపీ' గుర్తుండే ఉంటుంది. పుణేలో కాల్క్యులేటర్ల మరమ్మతు దుకాణం నడిపిన కైలాస్ కాట్కర్, ఆయన తమ్ముడు సంజయ్ కలిసి క్విక్ హీల్‌ను నిర్మించినది కూడా ఆ రిపేరు బల్ల మీదనుండే.

జర్మనీ ఈ రంగంలో వెనుకబడి లేదు. బోఖుమ్‌లోని జీ డేటా సంస్థ 1987లోనే అటారీ యంత్రాల కోసం యాంటీవైరస్ అమ్మింది. హైడెల్‌బెర్గ్‌లో చదివిన బెర్న్‌డ్ ఫిక్స్ అదే ఏడాది వియన్నా అనే వైరస్‌ను తొలగించే ప్రోగ్రాము రాశాడు. బోడెన్‌సే సరస్సు దగ్గరి టెట్‌నాంగ్‌లో మొదలైన సంస్థ తర్వాతి రోజుల్లో అవీరా పేరుతో ప్రపంచమంతటా తెలిసింది.

వైద్యులకు పోస్టులో వచ్చిన ఫ్లాపీ

లైసెన్సునూ రెస్క్యూ డిస్కునూ ఒకే సంఘటనలో ముడివేసినది 1989 డిసెంబరు. ఆ నెల లండన్ నుండి సుమారు 20,000 ఫ్లాపీలు పోస్టులో బయలుదేరాయి. అందుకున్నవారిలో ఒక కంప్యూటర్ పత్రిక చందాదారులతోపాటు, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వహించిన ఎయిడ్స్ సదస్సుకు హాజరైన ప్రతినిధులు ఉన్నారు. ఎయిడ్స్ గురించిన సమాచారం ఉన్న పరిచయ డిస్కు అని దాని మీది చీటీ. వెంట ఉన్న లైసెన్సు పత్రంలో, డబ్బు కట్టకుండా వాడితే మీ యంత్రం సరిగా పనిచేయకుండా పోవచ్చునని రాసే ఉంది. ఎవరు చదివారు? లైసెన్సు ఒప్పందాలను చదవకుండా ఒప్పుకునే అలవాటు ఇంటర్నెట్టుకంటే పాతది.

ప్రోగ్రాము నిజంగానే ఎయిడ్స్ ప్రమాదం గురించి ప్రశ్నలడిగి జవాబులు చెప్పేది. యంత్రాన్ని తొంభైసార్లు లేపిన తర్వాత ఫైళ్ళ పేర్లను గుర్తుపట్టరాకుండా మార్చి, ఫోల్డర్లను దాచి, లైసెన్సు రుసుముగా 189 డాలర్లు పనామాలోని ఒక పోస్టుబాక్సుకు పంపమని అడిగేది. హార్డ్ డిస్కు ఉన్నంతకాలపు లైసెన్సు కావాలంటే 378 డాలర్లు. దీనిని పంపినట్టుగా అభియోగం మోపబడిన జోసెఫ్ పాప్ హార్వర్డులో డాక్టరేటు పొందిన పరిణామ జీవశాస్త్రవేత్త. అతనిని అమెరికాలో అరెస్టు చేసి బ్రిటన్‌కు అప్పగించారు. విచారణను ఎదుర్కొనే మానసిక స్థితిలో లేడని 1991లో కోర్టు తేల్చింది.

ఈ ఘటనలో వైద్యలోకం గమనించవలసినది పాప్ విచిత్ర స్వభావం కాదు. ఆ డిస్కు ఫైళ్ళలోని విషయాన్ని తాకలేదు. పేర్లను మాత్రమే మార్చింది. పేర్లను తిరిగి మార్చడానికి అవసరమైన పట్టిక ప్రోగ్రాములోనే ఉంది. జిమ్ బేట్స్ అనే బ్రిటిష్ పరిశోధకుడు దాన్ని విడదీసి, తొలగించడానికి ఒకటి, పేర్లు తిరిగి తేవడానికి మరొకటి, రెండు చిన్న ప్రోగ్రాములు రాసి పంచాడు. ఆ రెండూ వచ్చేలోగానే భయపడి తమ హార్డ్ డిస్కులను పూర్తిగా చెరిపివేసుకున్నవాళ్ళున్నారు. ఇటలీలో ఒక ఎయిడ్స్ సంస్థ పదేళ్ళ పరిశోధన సమాచారాన్ని ఇలా పోగొట్టుకుందని చెబుతారు. రోగం కంటే చికిత్స చేసిన నష్టం ఎక్కువ.

రెస్క్యూ డిస్కు స్వర్ణయుగం అని దేన్నైనా అనవలసివస్తే అది ఈ కాలమే. తాళమూ తాళంచెవీ రెండూ ఒకే పెట్టెలో ఉండేవి. ఆ సౌకర్యం ఎక్కువకాలం మిగలలేదు. 1996లో ఆడం యంగ్, మోటీ యుంగ్ అనే ఇద్దరు, బహిరంగ తాళంచెవి పద్ధతిని దోపిడీకి వాడితే ఏమవుతుందో ఒక పరిశోధనాపత్రంలో చూపించారు. మూసే చెవి బాధితుడి యంత్రంలో ఉంటుంది. తెరిచే చెవి ఏనాడూ ఆ యంత్రంలోకి రాదు. అప్పుడు ఎంత గొప్ప డిస్కుతో యంత్రాన్ని లేపినా తెరవడానికి లోపల ఏమీ దొరకదు. 1999 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అనే మారుపేరున్న సీఐహెచ్ వైరస్ ఇంకో దిక్కునుండి అదే నిరూపించింది. అది మదర్‌బోర్డు మీది బయోస్‌నే చెరిపివేయడంతో, డిస్కు పెట్టినా యంత్రం లేవనే లేవలేదు.

టీకా వేసేవాడి చేతిలోని పుస్తకం

ఈ మధ్యకాలంలో లైసెన్సు కూడా రూపం మార్చుకుంది. ఒకప్పుడు డబ్బా మీద అచ్చువేసిన అంకెల వరుస అది. ఏడాదికోసారి పునరుద్ధరించే చందాగా మారిన తర్వాత, ప్రతి యంత్రమూ తానెవరో సంస్థ సర్వర్లకు రోజూ చెప్పుకోవలసి వచ్చింది. రక్షణ అందించేవాడికి ఆ యంత్రంలో ప్రతి ఫైలునూ చదివే అధికారం ఉంటుంది. ఆ అధికారంతోపాటు ఎవరి యంత్రమో చెప్పే గుర్తు కూడా చేరితే ఏమవుతుందో 2019 ఆగస్టులో హనోవర్ నుండి వెలువడే 'సీ-టీ' పత్రిక బయటపెట్టింది. ఆ పత్రిక సంపాదకుడు రోనాల్డ్ ఐకెన్‌బెర్గ్, కాస్పర్‌స్కీ యాంటీవైరస్ తాను చూసే ప్రతి వెబ్ పేజీలోనూ ఒక చిన్న స్క్రిప్టును చేరుస్తోందనీ, అందులో తన యంత్రానికి మాత్రమే చెందిన ఒక శాశ్వత గుర్తు ఉందనీ గమనించాడు. ఆ పేజీలు నడిపేవారెవరైనా దాన్ని చదువుకోవచ్చు. బ్రౌజరు మార్చినా గుర్తు మారదు. 2015 నుండి అలాగే నడిచింది. విషయం తెలియజేశాక సంస్థ ఆ గుర్తును అందరికీ ఒకటే ఉండేలా మార్చింది. అవాస్ట్ సంస్థ తన ఉచిత వినియోగదారుల బ్రౌజింగ్ వివరాలను జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్ముతోందని 2020 జనవరిలో బయటపడినప్పుడు జంప్‌షాట్‌నే మూసివేయవలసి వచ్చింది. ఆ వ్యవహారానికి 2024లో అమెరికా వాణిజ్య కమిషన్ కోటీ 65 లక్షల డాలర్లు చెల్లించమంది.

మొదటిది పొరపాటు, రెండవది వ్యాపారం. రెండింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. కానీ రెండింటి వెనుకా ఉన్న ఏర్పాటు ఒక్కటే. 2022 మార్చి 15న జర్మన్ సమాచార భద్రతా కార్యాలయం కాస్పర్‌స్కీ వాడవద్దని హెచ్చరించినప్పుడు ఇచ్చిన కారణం కూడా అదే. యాంటీవైరస్‌కు యంత్రంలో లోతైన అధికారాలుంటాయి. తయారీదారు సర్వర్లతో దానికి ఎప్పుడూ తెగని, బయటివారు పరిశీలించలేని సంబంధం ఉంటుంది. కనుక తయారీదారు మీద నమ్మకం ఉండితీరాలి. ఇది ఏ ఒక్క సంస్థకో కాక ఆ రంగమంతటికీ వర్తించే వాక్యం. సంస్థ కోర్టుకు వెళ్ళింది. కొలోన్ న్యాయస్థానమూ, పైకోర్టూ ఏప్రిల్‌లోనే హెచ్చరికను సమర్థించాయి.

అదే 'సీ-టీ' పత్రిక మరో పని కూడా చేస్తూ వచ్చింది. క్లాస్ క్నోపర్ తయారుచేసిన క్నోపిక్స్ అనే లినక్స్ ఆధారంగా, డీవీడీ నుండి నేరుగా లేచి పలు సంస్థల స్కానర్లతో యంత్రాన్ని వెదికే డిస్కును పాఠకులకు పత్రికతోపాటు ఇచ్చింది. మొదట దాని పేరు క్నోపిసిలిన్, తర్వాత డెసిన్‌ఫెక్ట్. పెన్సిలిన్ పేరు గుర్తుకువచ్చేలా పెట్టిన మొదటి పేరే బాగుందనిపిస్తుంది.

గీసెన్‌లో వరుసలు

పాత రెస్క్యూ పద్ధతి ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చూపించిన ఘటన గార్చింగ్‌కు ఐదు నెలల ముందు జరిగింది. 2019 డిసెంబరు 8, ఆదివారంనాడు గీసెన్‌లోని యూస్టుస్ లీబిగ్ విశ్వవిద్యాలయం తనమీద దాడి జరిగిందని గుర్తించి మొత్తం నెట్‌వర్కును ఆపివేసింది. ఈమెయిల్ లేదు, గ్రంథాలయపు జాబితా లేదు. సిబ్బంది 1,200 దాకా యూఎస్‌బీ స్టిక్కులను రెస్క్యూ డిస్కులుగా సిద్ధంచేసి పంచారు. వాటితో ఒక్కొక్క యంత్రాన్నీ బయటినుండి లేపి పరీక్షించి, బాగున్నదని తేలితే దానికి స్టిక్కరు అంటించారు. ఫ్లాపీ గంటు మీది స్టిక్కరు నుండి ముప్ఫై ఏళ్ళలో వచ్చిన దూరం అంతే.

యంత్రాలు శుభ్రపడ్డాయి. కానీ దొంగల చేతికి చిక్కి ఉండగల పాస్‌వర్డులు శుభ్రపడలేదు. ఏవి చిక్కాయో తెలియదు కనుక అన్నింటినీ మార్చాలి. మార్చడానికి ఈమెయిల్ పంపలేరు. ఎదుటనున్న మనిషి తాను చెప్పుకుంటున్న మనిషేనని నిర్ధారించుకోనిదే కొత్త పాస్‌వర్డు ఇవ్వకూడదని నిబంధన. దానితో సుమారు 38,000 మంది విద్యార్థులూ ఉద్యోగులూ పుట్టిన నెలలవారీగా కేటాయించిన రోజున గుర్తింపుకార్డు పట్టుకుని క్రీడామందిరం ముందు వరుసలో నిలబడి, కాగితం మీద అచ్చువేసిన పాస్‌వర్డు తీసుకుపోయారు. జర్మన్ పత్రికలు ఆ ఫోటోలు వేసి నవ్వుకున్నాయి. ఇంత సాంకేతిక దేశంలో రేషన్ షాపు వరుసలా అని తెలుగువాళ్ళకూ అనిపించవచ్చు. కానీ ఆ వరుస తప్పించుకోగలిగినది కాదు. యంత్రాన్ని బాగుచేయడానికి డిస్కు చాలు. ఎవరు ఎవరో తిరిగి తేల్చడానికి మాత్రం మనుషుల ముఖాలు చూడక తప్పదు.

ఫాంట్ల సంచిలో దాగినది

సూపర్ కంప్యూటర్‌కు ఇటువంటి వరుస పెట్టడం కూడా సాధ్యపడదు. దాని వినియోగదారులు దేశదేశాల్లో ఉంటారు. వాళ్ళు ఎస్సెస్‌హెచ్ అనే పద్ధతిలో లోపలికి వస్తారు. దాన్ని 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో టాటూ యూలోనెన్ రాసినదే, అక్కడి నెట్‌వర్కులో పాస్‌వర్డులను దారికాచి దొంగిలించిన ఒక ఘటన తర్వాత. ప్రతి వినియోగదారుడికీ రెండు భాగాలున్న తాళంచెవి ఉంటుంది. బహిరంగమైన భాగం సూపర్ కంప్యూటర్‌లో తాళంలా ఉంటుంది. వ్యక్తిగతమైన భాగం అతని సొంత యంత్రంలో ఒక చిన్న ఫైలుగా ఉంటుంది. దానికి రహస్య పదబంధం పెట్టుకోవాలి. పెట్టుకోకపోయినా పనిచేస్తుంది. ప్రతిసారీ టైపు చేయడం విసుగు కనుక చాలామంది పెట్టుకోరు. పైగా ఒక కేంద్రంనుండి మరో కేంద్రానికి వెళ్ళడం సులువుగా ఉండాలని వ్యక్తిగత భాగాన్ని తీసుకుపోయి మొదటి కేంద్రంలోనే ఉంచుకునేవారూ ఉన్నారు. ఇంతకుముందు ఏయే యంత్రాలకు వెళ్ళారో రాసిపెట్టే ఫైలు కూడా పక్కనే ఉంటుంది. అంటే తాళంచెవుల గుత్తి పక్కనే ఇళ్ళ చిరునామాల పుస్తకం.

ఇదేమీ అప్పుడే తెలిసిన ప్రమాదం కాదు. 2003 చివరినుండి 2005 దాకా 'స్టకాటో' పేరుతో నమోదైన చొరబాట్లలో ఒకడు సరిగ్గా ఇదే దారిలో స్వీడన్ నుండి అమెరికాలోని టెరాగ్రిడ్ సూపర్ కంప్యూటర్ల వరకు ఒకదాని తర్వాత ఒకటి దాటుకుంటూ పోయాడు. అనుమానితుడు ఉప్సాలాకు చెందిన పదహారేళ్ళ కుర్రవాడని తేలింది. లింషోపింగ్ కేంద్రంలో పనిచేసిన లీఫ్ నిక్సన్ ఆ అనుభవాలను వ్యాసంగా రాశాడు. పద్నాలుగేళ్ళ తర్వాత 2020లో జరిగినదాన్ని పక్కన పెట్టి చదివితే మారినవి పేర్లేనని తెలుస్తుంది.

ఐరోపా గ్రిడ్ భద్రతా బృందం ఆ మేలో విడుదలచేసిన వివరాల ప్రకారం దొంగలు వాడిన ఖాతాలు పోలండ్‌లోని క్రాకోవ్ విశ్వవిద్యాలయం, షాంఘైలోని చియావ్‌తుంగ్ విశ్వవిద్యాలయం, చైనా విజ్ఞాన నెట్‌వర్కుల నుండి లాగిన్ అయ్యాయి. ఆ ఖాతాలు నిజమైన పరిశోధకులవి. ఒక ఘటనలో మొనేరో అనే క్రిప్టో నాణేన్ని తవ్వే ప్రోగ్రాము పెట్టారు. ఎవరి కంటా పడకుండా అది రాత్రివేళ మాత్రమే నడిచేలా ఏర్పాటు చేసిన చోటు కూడా ఉంది. సామాన్య వినియోగదారుడి ఖాతా నుండి యంత్రం మొత్తానికి యజమాని కావడానికి, 2019లో నమోదైన ఒక లినక్స్ కర్నెల్ లోపాన్ని వాడి ఉంటారని కేడో సెక్యూరిటీ అనే బ్రిటిష్ సంస్థ విశ్లేషించింది.

మ్యూనిక్ వైపు నుండి అత్యంత స్పష్టమైన వివరణ ఇచ్చినది మాత్రం భద్రతా సంస్థ కాదు. మ్యూనిక్ లుడ్విగ్ మాక్సిమిలియన్ విశ్వవిద్యాలయంలో సైద్ధాంతిక భౌతికశాస్త్రవేత్త అయిన రాబర్ట్ హెల్లింగ్, తమ శాఖ క్లస్టరులో దొరికిన రెండు ఫైళ్ళను విడదీసి చూసి, కనుగొన్నది బహిరంగంగా రాశాడు. ఆ ఫైళ్ళు అక్షరాల రూపాలకు సంబంధించిన అమరికలుండే సంచిలో, పేరుకు ముందు చుక్క పెట్టుకుని దాగి ఉన్నాయి. మామూలు జాబితాలో చుక్కతో మొదలయ్యే పేర్లు కనిపించవు. మొదటిది ఎవరు నడిపినా యజమాని అధికారం అప్పగించే దొడ్డిదారి. రెండవది వచ్చి వెళ్ళినవాళ్ళ పద్దు పుస్తకాలనుండి దొంగ అడుగుజాడలను ఏరి తుడిచే చీపురు. చూస్తే రెండూ చాలా చిన్న ప్రోగ్రాములు. సరైన చెవితో తలుపు తీసుకుని వచ్చినవాడిని ఏ స్కానరూ ఆపదు.

రోగనిరోధక వ్యవస్థతో పోల్చి కంప్యూటర్ భద్రతను వివరించడం 1980ల నుండి అలవాటుగా వస్తోంది. ఇక్కడ ఆ పోలిక కుంటుపడుతుంది. శరీరం పరాయిదాన్ని గుర్తుపడుతుంది. గార్చింగ్‌కు వచ్చినది పరాయి కణం కాదు. పరాయి చేతిలో పడిన సొంత సంతకం. బ్యాంకు మోసాలతో పోల్చడమే దీనికి దగ్గర.

అందువల్లనే మూసిన కేంద్రాలన్నీ ఒకే విధమైన చికిత్సను ఎంచుకున్నాయి. వెదికి తీసివేయడం కాదు, అనుమానమున్న వ్యవస్థలను మొదటినుండి కట్టడం, పాత చెవులన్నీ చెల్లవని ప్రకటించడం. ఎడిన్‌బరో కేంద్రం పాత పాస్‌వర్డులూ చెవులూ రెండింటినీ రద్దుచేసి, ఇకమీదట లోపలికి రావాలంటే రెండూ కలిపి ఉండాలంది. యూలిహ్ కేంద్రం ప్రతి చెవికీ అది ఏ చిరునామాలనుండి పనిచేయాలో రాసి ఇవ్వమంటుంది. చెవి పోయినా పరాయి ఊరినుండి తెరుచుకోదన్నమాట. పరిశోధకులు దీనిని విసుక్కున్నారు. ప్రయాణాల్లో ఉండేవాళ్ళకు, ఇంటినుండి పనిచేస్తున్న ఆ కోవిడ్ రోజుల్లో మరీను, అది నిజమైన ఇబ్బందే.

రోగి ఉన్నచోట

సూపర్ కంప్యూటర్ మూతబడితే లెక్కలు ఆలస్యమవుతాయి. ఆసుపత్రి మూతబడితే అలా కాదు. గార్చింగ్‌కు పడమర దిక్కున మ్యూనిక్ పొలిమేరల్లోనే ఉన్న ఫ్యూర్‌స్టెన్‌ఫెల్డ్‌బ్రుక్ ఆసుపత్రి 2018 నవంబరులో దాదాపు 450 కంప్యూటర్లు ఆగిపోయి, అంబులెన్సులను తనవద్దకు పంపవద్దని నియంత్రణ కేంద్రానికి చెప్పుకోవలసి వచ్చింది. 2020 సెప్టెంబరు 10న డ్యూసెల్‌డార్ఫ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 30 సర్వర్లు తాళాలు పడ్డాయి. బెదిరింపు లేఖ విశ్వవిద్యాలయాన్ని సంబోధిస్తూ ఉంది, ఆసుపత్రిని కాదు. పోలీసులు ఆ ముఠాను సంప్రదించి, రోగుల ప్రాణాలు ప్రమాదంలో ఉన్నాయని చెప్పగానే వాళ్ళు డబ్బు అడగకుండా తెరిచే చెవిని పంపేశారు. చెవి చేతికి వచ్చినా అత్యవసర విభాగం తెరవడానికి సుమారు రెండు వారాలు పట్టింది. ఆ మధ్యలో, 11వ తేదీ రాత్రి, ఒక 78 ఏళ్ళ స్త్రీని అక్కడ చేర్చుకోలేక సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని వుప్పర్టాల్‌కు పంపారు. గంట ఆలస్యమైంది, ఆమె మరణించింది. ఆలస్యమే మరణానికి కారణమా అని కొలోన్ ప్రాసిక్యూటర్లు రెండు నెలలు పరిశీలించి, ఆమె పరిస్థితి ఎక్కడ చేర్చినా దక్కనంత విషమంగా ఉందని, నరహత్య అభియోగం నిలవదని తేల్చారు. చట్టం అడిగే ప్రశ్నకు అది సరైన జవాబు. అంబులెన్సు దారి మళ్ళిన ఆ గంటకు మాత్రం అది జవాబు కాదు.

మన వైపూ ఇవి తెలియనివి కావు. 2017 మేలో వానాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు తాళాలు పడ్డాయి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో ఐదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి తాళం పడిందని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. రోజుల తరబడి ఓపీ చీటీలు చేత్తో రాశారు. అక్కడ వయసు పైబడిన గుమస్తాలకు రిజిస్టరు నడపడం ఇంకా చేతనవును గనుక ఆ రోజులు గడిచాయని చెప్పడం అతిశయోక్తి కాదు.

గార్చింగ్ యంత్రం మళ్ళీ తెరుచుకుంది, కోవిడ్ లెక్కలు మళ్ళీ మొదలయ్యాయి. కొత్త చెవి తయారుచేసుకునే ప్రతి వినియోగదారుడినీ ఈ కేంద్రాలన్నీ కోరేది ఒకటే: వ్యక్తిగత భాగానికి రహస్య పదబంధం పెట్టుకోండి, దాన్ని వేరే యంత్రంలో ఉంచకండి. వినియోగదారుడు పంపేది బహిరంగ భాగం మాత్రమే. తన ల్యాప్‌టాప్‌లో మిగిలిన రెండో భాగానికి అతను పదబంధం పెట్టాడో, ఖాళీగా వదిలి ఎంటర్ నొక్కాడో, దాన్నిబట్టి తెలియదు. గార్చింగ్‌లోని 3,11,040 కోర్లకు దాన్ని కనిపెట్టే మార్గం లేదు.